ద్రాక్షతోటల మీదుగా రెండు సైకిలు ప్రయాణాలు

(2024 డిసెంబరు 17, పెన్షనర్ల దినోత్సవం నాడు మిడుతూరులో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు నకారా తీర్పు వచ్చిన రోజు. పింఛను అనేది ప్రభుత్వం దయతలచి వేసే భిక్ష కాదని 1982లో ఇదే తేదీన సుప్రీంకోర్టు చెప్పింది. ఆ సంగతులు నాకంటే బాగా తెలిసినవారు ఉదయం వివరంగా మాట్లాడారు. నాకు కార్యదర్శిగారు అప్పజెప్పిన అంశం వేరు. 'తక్కువ ఖర్చుతో యాత్రలు' అన్నారు. నేను కాశీ గురించో రామేశ్వరం గురించో చెబుతానని వారు అనుకొని ఉండవచ్చు. ఆ రెండూ నేను చూడలేదు. నా జన్మలో నేను చేసిన యాత్రలు రెండే. రెండూ ద్రాక్షతోటలకు, రెండూ సైకిలు మీద. మొదటిది 1978లో, నా ఇరవయ్యేడో ఏట. రెండవది 2023లో, డెబ్బై రెండో ఏట. మధ్యలో నలభై అయిదేళ్లు ఎందుకు పట్టిందో కూడా చెప్పుకుంటాను.

మొదటిది ఎలా వచ్చిందంటే, మా నాయనకు కె.సి. కాలువ కింద ఎకరంన్నర, బావి కింద మూడెకరాలు ఉండేవి. నేను ఒక్కడే కొడుకును, నా తరువాత ఇద్దరు చెల్లెళ్లు. నేను తాలూకా ఆఫీసులో గుమాస్తాగా చేరి అప్పటికి అయిదేళ్లు. ఆ రోజుల్లో హైదరాబాదు చుట్టుపక్కల ద్రాక్ష వేసినవాళ్లు మిద్దెలు కట్టారని, కార్లు కొన్నారని మన వైపు దాకా కథలు వచ్చేవి. ఆ కథలు మా నాయన చెవిన పడ్డాయి. ఒకరోజు నన్ను పిలిచి అన్నాడు:

"ఒరే, నువ్వు సదువుకున్నోనివి. పోయి నాలుగు తోటలు సూసి, నలుగురి మాట ఇని రా. అప్పు తెచ్చి పందిరేస్తే తీరుతాదా తీరదా, అదొక్కటి నాకు సెప్పు. రాతి కూసాలకు యాడికీ పోబన్లే, మన బేతంచెర్లలోనే ఉండాది రాయి."

కాసేపాగి మరొక మాట అన్నాడు. "పందిరేస్తే మాత్రం నువ్వు ఇంటికి రావాల. నా ఒక్కని చేత కాదు."

ఆ రెండో మాటను మీరు గుర్తుపెట్టుకోవాలి.

1978 ఫిబ్రవరిలో అసెంబ్లీ ఎన్నికలు జరిగాయి. ఆ డ్యూటీ అయిన తరువాత మార్చిలో వారం రోజులు సెలవు పెట్టాను. ద్రాక్ష కోతలు కూడా అప్పుడే. జేబులో ఎనభై రూపాయలు. ఆఫీసు వేలంలో కొన్న పాత టెంటు గుడ్డతో దర్జీ చేత వీపుకు తగిలించుకొనే సంచి ఒకటి కుట్టించాను. (వేలంలో డబ్బు కట్టి కొన్నదే, రశీదు కూడా ఉంది. ఇక్కడ ఆడిట్ వారు కూర్చున్నారు కాబట్టి చెబుతున్నాను.) అందులో ఒక పంచె, తువ్వాలు, సజ్జరొట్టెలు, చెనక్కాయల పొడి, ఒక నోటుపుస్తకం. నందికొట్కూరు మీదుగా కర్నూలుకు సైకిలు తొక్కి, సైకిలును బ్రేక్ వ్యానులో వేయించి, రాత్రి మీటర్ గేజీ ప్యాసింజరు ఎక్కితే తెల్లవారి కాచిగూడలో దిగాను. దింపేటప్పుడు హ్యాండిల్ వంకర పోయింది. ముందు చక్రాన్ని మోకాళ్ల మధ్య బిగించి సరిచేసుకొని నాగపూరు రోడ్డు పట్టాను.

అప్పటి కొంపల్లి, మేడ్చల్ దారిని ఇప్పుడు చూసేవారికి నా మాట నమ్మబుద్ధి కాదు. రోడ్డుకు అటు ఇటు ఎత్తయిన పందిళ్లు. రాతి కూసాల మీద జింకు తీగలు గళ్లుగళ్లుగా లాగి, పైన ఆకు కప్పేసి, కింద చీకటి నీడ. వంగి లోపలికి పోతే నెత్తికి తగిలేటట్లు గుత్తులు. కాయ పొడుగ్గా, లేత ఆకుపచ్చగా ఉంటుంది. బాగా పండితే తేనెరంగు తిరుగుతుంది. దాని పేరు అనాబ్-ఎ-షాహీ, అంటే రాజద్రాక్ష. 1890 ప్రాంతంలో అబ్దుల్ బాకర్ ఖాన్ అనే ఆయన హైదరాబాదులో ఆ రకాన్ని ప్రవేశపెట్టారు. కాపులో దానికి సాటివచ్చే రకాలు తక్కువ. లోపల గింజలుంటాయి. ఇప్పటివాళ్లు గింజ అంటే మొహం చిట్లిస్తారు గాని, ఆ రోజుల్లో మేము గింజతో సహా నమిలేవాళ్లం.

మొదటి తోటలో నన్ను రానివ్వలేదు. కారణం నా నోటుపుస్తకం. నేను గేటు దగ్గర నిలబడి వరుసకు ఎన్ని కూసాలో లెక్కపెట్టి రాసుకుంటున్నాను. భూపరిమితి చట్టం వచ్చి అయిదేళ్లయింది, డిక్లరేషన్ల విచారణలు జరుగుతున్న కాలం. నేనేమో తాలూకా ఆఫీసు మనిషిలాగే కనబడతాను, నిజంగా తాలూకా ఆఫీసు మనిషినే. కాపలావాడు కర్ర తీసుకొని వచ్చాడు. ఏమి చెప్పినా వినలేదు. రెండో తోట నుంచి పుస్తకం సంచిలోనే పెట్టుకున్నాను.

మేడ్చల్ దాటాక ఒక తోటలో ముసలి మేస్త్రీ ఒకాయన దొరికాడు. "ఏడికెల్లి వచ్చినవ్ బిడ్డా? కర్నూలా? సైకిల్ మీదనా?" అని నవ్వి మంచినీళ్లిచ్చాడు. మోటారు షెడ్డులో గోనెసంచులు పరిచి పడుకోమన్నాడు. మూడు రాత్రులు అక్కడే ఉన్నాను. పగలు శామీర్‌పేట వైపు పోయి తోటలు చూసి, సాయంత్రానికి మళ్లీ ఆయన దగ్గరికి చేరేవాణ్ణి. పని అంటే ఏమిటో నాకు చెప్పింది ఆయనే. ద్రాక్షకు ఏడాదికి రెండు కత్తిరింపులు. కోత అయ్యాక ఏప్రిల్‌లో ఒకటి, అది కొమ్మ కోసం. అక్టోబరులో ఒకటి, అది కాయ కోసం. కొమ్మకు ఎన్ని కన్నులు వదలాలో తెలియనివాడు కత్తెర పట్టుకోకూడదు. అక్టోబరు కత్తిరింపు తరువాత వాన పడిందంటే ఆకు వెనక తెల్లగా బూజు తెగులు. దానికి మైలుతుత్తం, సున్నం కలిపిన నీళ్లు చల్లాలి. ఆయన చేతిగోళ్లు ఆ మైలుతుత్తానికి నీలంగా అయిపోయి ఉండేవి, సబ్బుకు పోయే నీలం కాదు.

రాత్రిళ్లు ఆడవాళ్లు గుత్తులు కోసి, కుళ్లిన కాయలు కత్తెరతో ఏరి, గంపల్లో గడ్డి పరిచి సర్దేవారు. లారీ వచ్చేదాకా పాటలు. ఏరేసిన కాయలు నా భోజనం. అందుకే ఆరు రోజుల్లో నా మొత్తం ఖర్చు, రైలుతో సహా, అరవై ఒక్క రూపాయల నలభై పైసలు అయింది.

ఆఖరి రాత్రి మేస్త్రీని కూర్చోబెట్టి లెక్క అడిగాను. నోటుపుస్తకం మళ్లీ బయటికి తీశాను. ఎడమ పేజీలో ఖర్చు, కుడి పేజీలో రాబడి. కూసాలు, తీగ, గుంతలు, పేడ, మోటారు, మందులు, కూలీలు, వడ్డీ. మొదటి రెండేళ్లు చేతికి పైసా రాదు. మూడో ఏడు కొద్దిగా. ఆయన చెప్పిన ధరల ప్రకారం, రెండు వానలు అదను తప్పకుండా ఉంటే, నాలుగో ఏట అప్పు తీరుతుంది. ఆ తరువాత మిగులు. నాలుగోసారి కూడి చూశాను. లెక్క తప్పలేదు.

ఇంటికి వచ్చిన రాత్రి నాయన లాంతరు దగ్గర కూర్చొని "ఏమంటాదిరా లెక్క?" అన్నాడు. మా నాయనకు చదువు రాదు. వేలిముద్రే. నేను ఏమి చదివితే అదే ఆయనకు లెక్క.

నేను ఎడమ పేజీ మాత్రమే చదివాను.

గుమాస్తా పని తెలిసినవారు ఇక్కడ చాలామంది ఉన్నారు. ఆఫీసరు చేత 'వద్దు' అనిపించాలంటే నోటు ఎలా పెట్టాలో మనకు తెలుసు. అబద్ధం రాయనక్కరలేదు. ఏది ముందు పెట్టాలో, ఏది పెట్టకూడదో తెలిస్తే చాలు. కూసాల ఖర్చు, వడ్డీ, బూజు తెగులు, రెండేళ్లు రాబడి లేకపోవడం, అన్నీ నిజమే చదివాను. నాయన "అంతేనా?" అన్నాడు. "అంతే నాయనా" అన్నాను. కాసేపు లాంతరు వైపు చూసి, "సరేలే, సదువుకున్నోనివి" అని లేచిపోయాడు.

ఉద్యోగం మానుకొని ఊరికి రావడం నాకు ఇష్టం లేదు. అంతకుమించి కారణం లేదు. 1994లో ఆయన పోయేదాకా ఎప్పుడైనా ద్రాక్షపండ్లు ఇంటికి వస్తే ఒకటి నోట్లో వేసుకొని, "పందిరేసింటే..." అని ఆపేసేవాడు. నన్ను ఒక్కమాట అనలేదు. అన్నా బాగుండేది.

2009లో పదవీ విరమణ చేశాను. 2016లో ఒక పెళ్లికి మేడ్చల్ వైపు పోయాను. ఆ దారిలో ఫంక్షన్ హాళ్లు, అపార్టుమెంట్లు. తోటల జాడ నాకు కనబడలేదు. కరువులు వచ్చి బోర్లు ఎండడం ఒక కారణం, నగరం పెరిగి భూమి ధర పందిరి కంటే ఎత్తుకు పోవడం ఇంకో కారణం. చూడగానే నాకు లోలోపల తృప్తి కలిగింది, నేను చెప్పిందే నిజమైందని. బస్సులో తిరిగి వస్తుంటే తెలిసింది. ఆ రైతుల్లో చాలామంది తోట తీసేసింది భూమికి మంచి ధర వచ్చి. మిడుతూరులో మాకు ఎవరు అపార్టుమెంట్లు కట్టబోయారు?

ఇక రెండవ ప్రయాణం. 2023లో ఉగాదికి ఇల్లు దులుపుతుంటే నా భార్యకు ట్రంకుపెట్టెలో ఆ నోటుపుస్తకం దొరికింది. ఆమె ఎనిమిదో తరగతి దాకా చదువుకుంది. రెండు పేజీలూ చదివింది. "మామకు ఈ పక్క పేజీ చూపించినారా?" అంది. నేను జవాబు చెప్పలేదు. పండుగ అయిన నాలుగో రోజున సంచి సర్దుకున్నాను. "ఈ వయసులో సైకిలేంది?" అని ఇంట్లో గొడవ. కొడుకు ఫోన్ చేసి కోప్పడ్డాడు. మనుమడు మాత్రం తన కాలేజీ బ్యాక్‌ప్యాక్ ఇచ్చి, ఫ్రాన్సులో బర్గండీ సీమలో బోన్ అనే ఊరి నుంచి ద్రాక్షతోటల మధ్యగా పోయే సైకిలు దారి ఒకటి సెల్‌ఫోనులో చూపించాడు. తెల్ల జుట్టువాళ్లు ఆడా మగా వీపున సంచులతో తొక్కుకుంటూ పోతున్నారు. అది చూశాక నా భార్య రొట్టెలు చేయడం మొదలుపెట్టింది.

హైదరాబాదు వైపు తోటలు పోయాయి కాబట్టి చిక్కబళ్లాపురం ఎంచుకున్నాను. మన పెన్షనర్లకు అంతకంటే అనువైన చోటు లేదు. కర్నూలులో రాత్రి మైసూరు రైలు ఎక్కితే హిందూపురంలో దిగవచ్చు. సీనియర్ సిటిజన్లకు ఉన్న రైలు రాయితీ 2020 మార్చిలో ఆగిపోయింది కాబట్టి పూర్తి టికెట్టే కొన్నాను. అక్కడి నుంచి గౌరీబిదనూరు మీదుగా బస్సు. ఆ సీమలో తెలుగు బాగా వినబడుతుంది. బాగేపల్లి, చింతామణి వైపు ఇళ్లల్లో మాటే తెలుగు. భాష రాదన్న భయం అక్కరలేదు.

సైకిళ్లు అద్దెకిచ్చే అంగళ్లు ఇప్పుడు ఎక్కడా లేవు. బస్టాండు దగ్గర పంక్చర్లు వేసే ఒకాయన వెయ్యి రూపాయలు డిపాజిట్టు, రోజుకు యాభై అని ఒక పాత సైకిలు ఇచ్చాడు. నాలుగు రోజులు తొక్కాను. పొద్దున ఆరు నుంచి పది వరకు, సాయంత్రం నాలుగు నుంచి ఆరు వరకు, అంతే. ఎత్తు వస్తే దిగి నడిపించడమే, అందులో నామోషీ లేదు. రక్తపోటు మాత్రలు చొక్కా జేబులో, సంచిలో కాదు. సంచి ఎక్కడైనా మరిచిపోవచ్చు. తోటలోకి పోయే ముందు మందు ఎప్పుడు కొట్టారో అడగాలి. కొట్టిన తోటలో అడుగు పెట్టకూడదు, కోసిచ్చిన పండును కడగకుండా తినకూడదు.

నంది కొండ కింద నంది గ్రామంలో భోగనందీశ్వరుని గుడి చూశాను, వెయ్యేళ్లు దాటినది. కొండ ఎక్కలేదు. ముద్దేనహళ్లిలో మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి ఇంటిని, సమాధిని చూశాను. ఆయన పూర్వీకుల ఊరు మోక్షగుండం మన గిద్దలూరు వైపుదే. ఆయన పేరులోనే ఊరుంది గాని, ఆ ఊరు మన పక్కదని మన పిల్లల్లో ఎందరికి తెలుసు? దొడ్డబళ్లాపురం వైపు కన్వల్ గ్రోవర్ అనే ఆయన 1988లో మొదలుపెట్టిన వైన్ తోటలున్నాయట. ఫ్రెంచి రకాలు పెంచి వైన్ చేస్తారు. అంత దూరం తొక్కడానికి మోకాళ్లు ఒప్పుకోలేదు, నాకు పని కూడా తినే పండుతోనే.

అక్కడ నల్లద్రాక్ష ఎక్కువ. బెంగళూరు బ్లూ అంటారు. తోలు మందం, పులుపూ తీపీ కలిసిన ఘాటు వాసన. 2013లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. చలువ సీమ కాబట్టి ఏడాదికి రెండు కాపులు తీస్తారు. మూడో రోజు ఒక తోట దగ్గర ఆగాను. గుత్తులు పొడుగ్గా, లేత ఆకుపచ్చగా ఉన్నాయి. యాభై ఏళ్ల రైతు ఒకాయన కత్తిరిస్తున్నాడు.

"యా ఊరు సామీ? ఈ వయసులో సైకిలా?" అన్నాడు. చెప్పాను. ఒక రెబ్బ కోసి కడిగి చేతిలో పెట్టాడు. నోట్లో వేసుకున్నాను. గింజ తగిలింది. ఆ తీపి నాకు తెలుసు. "ఇదేం రకం?" అంటే "దిల్‌కుష్" అన్నాడు. "అనాబ్-ఎ-షాహీలోనుంచి వచ్చిందే సామీ, దాని బిడ్డే." మోటారు షెడ్డు గుర్తొచ్చి అక్కడే గట్టు మీద కూర్చున్నాను. ఎండ దెబ్బ తగిలిందనుకొని ఆయన నీళ్లు తెచ్చాడు.

మధ్యాహ్నం దాకా మాట్లాడుకున్నాం. ఏడాది పొడవునా పారే నది లేని సీమ. బోర్లు వెయ్యి అడుగులు దాటాయి. కూలీలు దొరకరు. కూసాలు మాత్రం తాత పాతినవే. లేచేటప్పుడు మా నాయన నన్ను అడిగిన మాటే ఆయనను అడిగాను. "అప్పు తెచ్చి పందిరి వేస్తే తీరుతుందా?"

ఆయన కాసేపు ఆలోచించాడు. "మా నాయనకు తీరింది సామీ. నాకింకా తీరలే."

నాలుగో ఏట తీరుతుందన్న మేస్త్రీ మాట నాయన విషయంలో నిజమయ్యేదో లేదో ఇక ఎవరూ చెప్పలేరు. ఆ పేజీ ఆయనకు చదివి, నిర్ణయం ఆయనను చేయనిస్తే సరిపోయేది. ఉద్యోగం మానలేనని విడిగా చెప్పి ఉండవచ్చు. ఆ పని నేను చేయలేదు. నెల మొదట్లో బ్యాంకులో పడే పింఛను తీసుకొనేటప్పుడు ఆ లాంతరు గుర్తుకొస్తుంది. ఈ మాట నా భార్యకు తప్ప మరొకరికి ఇంతవరకు చెప్పలేదు. పెన్షనర్ల దినోత్సవం నాడు పెన్షనర్ల ముందు చెప్పాలనిపించింది.

రైతు ఆరు ముదురు కొమ్మలు, ఒక్కొక్కదానికి నాలుగు కన్నులుండేటట్లు కత్తిరించి తడి గోనెగుడ్డలో చుట్టి ఇచ్చాడు. డబ్బు తీసుకోలేదు. రానూపోనూ, బస, భోజనం, సైకిలు అద్దె కలిపి మూడు వేల నూటనలభై రూపాయలు అయ్యాయి. డిపాజిట్టు వెయ్యి తిరిగి ఇచ్చాడు. ఎవరికైనా వెళ్లాలని ఉంటే ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా అదను. లైఫ్ సర్టిఫికెట్టు ఇచ్చిన మర్నాడే బయలుదేరండి. ఇద్దరు కలిసి పోతే గది అద్దె సగం.

ఆరు కొమ్మల్లో నాలుగు ఎండిపోయాయి. రెండు పెరట్లో చిగిర్చాయి. ఒకదాన్ని మేక తినేసింది. మిగిలిన దానికి బేతంచెర్ల నుంచి నాలుగు రాతి కూసాలు తెప్పించి, తీగ లాగి, పది అడుగుల పందిరి వేశాను. మొన్న అక్టోబరులో మేస్త్రీ చెప్పినట్లు కన్నులు లెక్కపెట్టి కత్తిరించాను. మూడు గుత్తులు వేసింది. ఒకదానికి బూజు పట్టి పోయింది. మైలుతుత్తం, సున్నం కలిపి కొట్టాను. ఇప్పుడు రెండు గుత్తుల్లో కాయలు శనగగింజంత ఉన్నాయి. ఉడుతలు అప్పుడే చూసిపోతున్నాయి. నా భార్య పాత చీర గుడ్డతో సంచులు కుడుతోంది.